ఒకటిన్నర గ్రాము రబ్బరుతో హెలికాప్టర్

రబ్బరుతో ఎగిరే హెలికాప్టర్ అనగానే పిల్లల చూపు ముందు రెక్కల మీదికే పోతుంది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత వాలు, రోటర్‌కు (తిరిగే రెక్కల చక్రానికి) రెండు బ్లేడ్లు చాలునా, నాలుగు కావాలా అన్నవే చర్చలు. మా అమ్మాయి, బడి పోటీలో ఆమెకు జోడీగా ఉన్న అబ్బాయి కూడా సెప్టెంబరు నుంచి అదే పనిలో మునిగిపోయారు. ఏడాది పొడవునా వాళ్ళ పక్కన కూర్చుని, స్టాప్‌వాచ్ పట్టుకుని నేను గమనించింది ఒకటే. రెక్కలు ఎంత బాగా చేసినా అది సగం పని కూడా కాదు. హెలికాప్టర్ గాలిలో ఎంతసేపు ఉంటుందో తేల్చేది రబ్బరు. ఆ రబ్బరు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేము ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో. ఇక్కడి బడి పిల్లలకు సైన్స్ ఒలింపియాడ్ అనే పోటీ ఉంటుంది. ఒలింపియాడ్ అంటే మన వాళ్ళకు ప్రశ్నపత్రమే గుర్తుకొస్తుంది. ఇది వేరు. 1984లో జాతీయ స్థాయిలో మొదలైన ఈ పోటీలో జట్టుగా పాల్గొనాలి. జట్టుకు 15 మంది, పోటీ అంశాలు 23. కొన్ని రాతపరీక్షలు, కొన్ని ప్రయోగశాల పనులు, కొన్ని స్వయంగా తయారుచేసి తెచ్చే వస్తువులు. 6 నుంచి 9వ తరగతి వరకు డివిజన్ బి, 9 నుంచి 12 వరకు డివిజన్ సి. ముందు ప్రాంతీయ పోటీ, తర్వాత రాష్ట్ర పోటీ, ఆపైన జాతీయ పోటీ. ఎగిరే వస్తువు ఏదో ఒకటి ఉండడం మామూలే. అది ఒక ఏడాది విమానమైతే ఇంకో ఏడాది గ్లైడరు, మరో ఏడాది హెలికాప్టర్. మా అమ్మాయి వంతుకు హెలికాప్టర్ వచ్చింది.

నియమాలు చదివితే తేలికగానే కనిపిస్తాయి. రోటర్ వ్యాసం ఇంతకు మించకూడదు, రబ్బరు తీసేశాక బరువు ఇంతకు తగ్గకూడదు, రబ్బరు బరువు ఇంతకు మించకూడదు. వదిలిన క్షణం నుంచి నేలను తాకే దాకా ఎక్కువసేపు గాలిలో ఉన్నదే గెలుస్తుంది. ఆ అంకెలు ఏటా మారుతుంటాయి కాబట్టి పోయినేటి మోడల్ పట్టుకొస్తానంటే కుదరదు.

ఇంకో నియమం తల్లిదండ్రులకు సంబంధించినది. తయారీ అంతా పిల్లల చేతుల మీదుగానే జరగాలి. నేను కాకినాడలో మెకానికల్ చదివాను. బేరింగు, టార్క్ అన్న మాటలు వినబడితే చేతులు ఊరుకోవు. అయినా సామాను కొనిపెట్టడం, కారులో తిప్పడం, ప్రశ్నలు అడగడం వరకే నా పని అని మొదటి రోజే గీత గీసుకున్నాను. "అమ్మా, ఇక్కడ జిగురు వేయనా?" అని అడిగితే "వేస్తే ఎంత బరువు పెరుగుతుందో తూచి చూడు" అనడం అలవాటు చేసుకున్నాను. ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. పెద్దవాళ్ళు చేసిచ్చిన మోడల్ ఎంత అందంగా ఉన్నా, పోటీ మైదానంలో అది విరిగితే బాగుచేయడం ఆ పిల్లలకు రాదు.

ఈ హెలికాప్టర్ నడిచే తీరు చెప్పాలి. బాల్సా అనే చాలా తేలికైన చెక్కతో చేసిన సన్నని కర్ర ఒకటి, అదే వెన్నెముక. ఒక చివర రోటర్‌ను కర్రకే గట్టిగా అతికిస్తారు. రెండో చివర రోటర్ ఉక్కు తీగతో చేసిన ఇరుసు మీద, చిన్న బేరింగులో స్వేచ్ఛగా తిరుగుతుంది. రెండింటి మధ్యా మెలితిప్పిన రబ్బరు. రబ్బరు విప్పుకునేటప్పుడు ఒక రోటర్‌ను ఒకవైపు, కర్రతో సహా రెండోదాన్ని ఎదురువైపు తిప్పుతుంది. రెండు తిప్పుళ్ళూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి అసలు హెలికాప్టర్‌కు ఉండే తోక రోటర్ దీనికి అక్కర్లేదు. కింది రోటర్ ఎప్పుడూ పై రోటర్ తోసిన గాలిలో తిరుగుతుంటుంది. అందుకే దాని బ్లేడ్లకు వాలు కాస్త ఎక్కువ ఇవ్వాలి. పిల్లలు దీన్ని చదివి తెలుసుకోలేదు. రెండింటికీ ఒకే కోణం పెట్టి, ఆపై కింది దాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, సమయం రాసుకుంటూ పోయి తెలుసుకున్నారు.

రబ్బరుతో ఎగిరే ఎదురు రోటర్ల బొమ్మను 1870లో ఫ్రాన్స్‌లో అల్ఫోన్స్ పెనో చేశాడు. 1878లో మిల్టన్ రైట్ అనే మతగురువు ఊరి నుంచి వస్తూ అలాంటి బొమ్మనే తన కొడుకులకు తెచ్చిచ్చాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు బ్యాండు, అంతే సరంజామా. ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్. అప్పటికి ఒకడికి పదకొండేళ్ళు, ఇంకొకడికి ఏడు. బొమ్మ విరిగిపోతే తామే అలాంటివి చేసుకున్నారు. పెద్దవి చేసినకొద్దీ అవి సరిగ్గా ఎగరలేదు. కొలతలు రెట్టింపైతే కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుందని అప్పటికి తమకు తెలియదని పెద్దయ్యాక వాళ్ళే రాశారు. రైట్ సోదరుల ఊరు డేటన్ మా ఇంటికి గంట పైచిలుకు దూరం. వాళ్ళ సైకిల్ దుకాణం చూడడానికి పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాను. ఆ ఎనిమిది రెట్ల మాట విన్న దగ్గర నుంచి ఇద్దరికీ బరువు మీద పట్టింపు పెరిగింది. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఇక బరువు లెక్కకు వస్తాను. రబ్బరు లేకుండా మా మోడల్ మూడు గ్రాముల చిల్లర. రబ్బరు ఒకటిన్నర గ్రాము. మొత్తం కలిపినా ఇక్కడి అయిదు సెంట్ల నాణెం కన్నా తేలిక, ఆ నాణెం సరిగ్గా 5 గ్రాములుంటుంది. మంచి మోడల్ రబ్బరును పూర్తిగా చుడితే గ్రాముకు దాదాపు 10 జౌళ్ళ శక్తి దాచుకుంటుంది. అంటే మా దగ్గర ఉన్నది 15 జౌళ్ళు. ఇంత బరువును 36 సెంటీమీటర్ల వ్యాసమున్న రోటర్‌తో గాలిలో నిలపడానికి, నష్టాలేవీ లేవనుకుంటే, కావలసింది ఒక వాట్‌లో యాభయ్యో వంతు కన్నా తక్కువ. ఆ లెక్కన పదమూడు నిమిషాలు ఎగరాలి. మా వాళ్ళు ఆ లెక్క వేసి ఎగిరి గంతేశారు. అసలు మోడల్ ఒక నిమిషం దాటడానికే చుక్కలు చూపించింది. చిన్న బ్లేడ్ల మీద గాలి రాపిడి, బేరింగులో రాపిడి, పై రోటర్ కలచిన గాలి, రబ్బరు పూర్తిగా విప్పుకోకముందే బలం చాలకపోవడం, ఇవన్నీ కలిసి ఎక్కువ భాగం తినేస్తాయి. అయితే ఆ లెక్క రెండు దారులు చూపించింది. బరువు పది శాతం తగ్గిస్తే కావలసిన సామర్థ్యం దాదాపు 15 శాతం తగ్గుతుంది. రోటర్ ఎంత పెద్దదై ఎంత నెమ్మదిగా తిరిగితే అంత పొదుపు. ఎక్కువ గాలిని మెల్లగా కిందికి తోయడం, తక్కువ గాలిని వేగంగా తోయడం కన్నా ఎప్పుడూ చవక.

రెక్కల తయారీని క్లుప్తంగా చెబుతాను, దాని గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మొదట పలుచని బాల్సా రేకులను వేడినీళ్ళలో నానబెట్టి, సూప్ డబ్బా చుట్టూ ఏటవాలుగా కట్టి, తక్కువ వేడిలో ఓవెన్‌లో ఆరబెట్టారు. వంపు, మెలి రెండూ ఒకేసారి వచ్చాయి. తర్వాత బరువు తగ్గించడానికి సన్నని కర్రపుల్లల చట్రం కట్టి, దానిమీద పలుచని ప్లాస్టిక్ పొర కప్పారు. గాజు పలకను తడిపి పొరను దానిమీద పరిస్తే ముడతలు పోతాయి. చట్రానికి జిగురు స్ప్రే చేసి పొర మీద పెట్టి, చుట్టూ బ్లేడుతో కోస్తే అయిపోతుంది. చలికాలంలో ఇళ్ళలో గాలి బాగా పొడిబారి, ఆ పొర విద్యుదావేశంతో చేతికీ చొక్కాకూ అంటుకుపోతుంది. బల్ల పక్కన నీళ్ళ స్ప్రే సీసా ఉంచుకుంటే ఆ బాధ ఉండదు.

మొదటి మోడల్‌కు దొరికిన మందపాటి రబ్బరు వేసి బడి ఇండోర్ ఆటల హాలు, అంటే జిమ్‌లో వదిలారు. రివ్వున లేచి పైకప్పుకు కొట్టుకుని, పట్టుతప్పి పక్కకు పడి, పల్టీలు కొడుతూ కిందికి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను "ఎంతసేపు ఉంది?" అని అడిగాను. స్టాప్‌వాచ్ చూసుకుని ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. పైకి పోవడం వేరు, పైన ఉండడం వేరు. రబ్బరు దాచుకున్న శక్తిలో సగం పైకప్పును గుద్దడానికే ఖర్చయింది.

రబ్బరు స్వభావం అర్థం కావడానికి వాళ్ళు ఒక వారాంతమంతా హెలికాప్టర్ జోలికి పోకుండా టార్క్ (తిప్పే బలం) కొలిచే మీటరు ముందు కూర్చున్నారు. నా దృష్టిలో ఏడాది మొత్తంలో అంత విలువైన పని ఇంకొకటి లేదు. రబ్బరును పూర్తిగా చుట్టి, కొన్ని కొన్ని చుట్లు విప్పుతూ, ప్రతి చోటా టార్క్ ఎంతుందో రాసి గ్రాఫు గీశారు. మొదట్లో నిట్టనిలువు శిఖరం, అది వెంటనే పడిపోతుంది. ఆ తర్వాత చాలా దూరం దాదాపు సమతలంగా సాగుతుంది. చివర మళ్ళీ జారిపోతుంది. హెలికాప్టర్ తన బరువును మోస్తూ నిలకడగా ఉండాల్సింది ఆ సమతలం మీద. రబ్బరు మరీ మందమైతే ఆ సమతలంలో కూడా బలం అవసరానికి మించి ఉంటుంది, మోడల్ పైకప్పునే పట్టుకుని వేలాడుతుంది. మరీ సన్నమైతే శిఖరం దాటగానే దిగడం మొదలుపెడుతుంది. ఒకే బరువు రబ్బరును సన్నగా పొడవుగా వాడితే చుట్లు ఎక్కువ పడతాయి, టార్క్ తగ్గుతుంది. మందంగా పొట్టిగా వాడితే అందుకు విరుద్ధం. తమ రోటర్లకు సరిపోయే మందం ఏదో వెతకడమే అసలు పరిశోధన అని ఆ గ్రాఫు చూశాక వాళ్ళకే తెలిసింది.

అలా వెతకాలంటే రబ్బరును మందంతో కొలవడం పనికిరాదు. మెత్తటి వస్తువు, కొలిచే పరికరం కాస్త నొక్కితే కొలత మారిపోతుంది. కాబట్టి నిర్ణీత పొడవు ముక్క కత్తిరించి, తూచి, సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోవాలి. మామూలు ఆఫీసు రబ్బరు బ్యాండ్లతో ఈ పని జరగదు. మోడల్ విమానాల వాళ్ళు వాడే టాన్ సూపర్ స్పోర్ట్ రకం పట్టీలు పెట్టెల్లో అమ్ముతారు. ఒక తయారీకీ ఇంకో తయారీకీ గుణం కొంచెం తేడా ఉంటుంది కాబట్టి అనుభవమున్నవాళ్ళు ఏ నెల, ఏ సంవత్సరం రబ్బరో కూడా రాసుకుంటారు. వచ్చిన రబ్బరు మీద ఉండే పొడిని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ముడి వేసేముందు తడి చేయాలి, లేకపోతే బిగించేటప్పుడు రాపిడికి అక్కడే గాటుపడి తర్వాత తెగుతుంది. ముడి వేశాకే సిలికాన్ నూనె రాయాలి, ముందు రాస్తే ముడి జారుతుంది. అలా ముడివేసి చేసిన కొత్త ఉచ్చును వెంటనే పూర్తిగా చుట్టకుండా కొన్నిసార్లు సాగదీసి, కాసేపు వదిలేసి వాడాలి. ఎండ తగలకుండా సంచిలో మూసి పెట్టాలి. ఒక్కో ఉచ్చుకు ఒక్కో చిన్న సంచి, దానిమీద అంకె, బరువు, పొడవు, ఎన్నిసార్లు వాడారో రాసి ఉండాలి. మా ఫ్రిజ్ తలుపు మీది అరలో కొత్తిమీర పక్కన ఆ సంచులే ఉండేవి.

చుట్టడం ఇద్దరు చేసే పని. హెలికాప్టర్‌కు తగిలించి చుడితే, రబ్బరు తెగినప్పుడు రెక్కలు చిరిగిపోతాయి. అందుకే బయటే చుట్టి, ఆపైన తగిలిస్తారు. ఉచ్చు రెండు చివర్లా చిన్న ఓ-రింగులు ఉంటాయి, పట్టుకోవడానికీ మార్చడానికీ అవే ఆధారం. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. మా అమ్మాయి టార్క్ మీటరు పట్టుకుని నిలబడేది. ఆ అబ్బాయి విండర్ (రబ్బరును చుట్టే చేతి పరికరం) హుక్కుకు రెండో చివర తగిలించి వెనక్కి నడిచేవాడు. రబ్బరు అసలు పొడవుకు అయిదారు రెట్లు సాగాక ఆగి, చుట్టడం మొదలుపెట్టేవాడు. విండర్ పిడి ఒకసారి తిప్పితే రబ్బరుకు 15 చుట్లు పడతాయి. మొదట్లో ఏమీ మారినట్టు కనబడదు. సగం చుట్లు పడ్డాక అడుగులో అడుగు వేస్తూ ముందుకు రావాలి. అప్పుడు రబ్బరు మీద పూసల వరుసలా ముడులు లేస్తాయి, ఆ వరుస మీద ఇంకో వరుస కూర్చుంటుంది. నడక మరీ తొందరైతే ముడులు ఒకచోట గుంపుకడతాయి, మరీ ఆలస్యమైతే రబ్బరు తెగుతుంది. మీటరు చూస్తున్న అమ్మాయి అంకెలు చదువుతుంది, అతను లెక్క చెబుతాడు, మధ్యలో మూడో మనిషి మాట్లాడకూడదు. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకునేదాన్ని.

చివర్లో ఒక సూక్ష్మం ఉంది. పూర్తిగా చుట్టాక, ఆ శిఖరం పోయేలా కొన్ని చుట్లు వెనక్కి విప్పుతారు. పిల్లలకు ముందు ఇది వృథా అనిపించింది. మొదటే తక్కువ చుడితే పోదా అన్నారు. రెండు రకాలుగానూ చేసి చూడమన్నాను. పూర్తిగా చుట్టి విప్పినప్పుడే సమయం ఎక్కువ వచ్చింది. అంచు దాకా చుట్టిన రబ్బరు ఎక్కువ శక్తి దాచుకుంటుంది. విప్పడంలో పోయేది పైకప్పును గుద్దే ఆ మొదటి విసురు మాత్రమే. ఎన్ని చుట్లు విప్పాలన్నది పైకప్పు ఎత్తును బట్టి మారుతుంది.

జిమ్ దొరకడం గగనం. బాస్కెట్‌బాల్ వాళ్ళు పోయాక, వెచ్చని గాలి వదిలే యంత్రం ఆపించుకుని ఎగరేయాలి. ఈ చిక్కుకు విరుగుడు చెప్పింది, ఇండోర్ మోడల్ విమానాలు ఏళ్ళతరబడి ఎగరేసిన ఒక పెద్దాయన. ఒక సాయంత్రం జిమ్‌కు వచ్చి మా వాళ్ళ మోడల్‌ను చేతుల్లోకి తీసుకోకుండానే చుట్టూ తిరిగి చూశారు. "సగం రబ్బరుతో ఎగరేయండి, మిగతా సగం బరువుకు సరిపడా పుల్ల పెట్టండి" అన్నారు. అదే మందం రబ్బరును సగం పొడవే వాడితే టార్క్ అంతే ఉంటుంది, చుట్లు సగమవుతాయి. మొత్తం బరువు మారకుండా పుల్ల చూసుకుంటుంది. కాబట్టి మోడల్ దాదాపు సగం ఎత్తుకు వెళ్ళి సగం సమయం ఎగురుతుంది. ఆ సమయాన్ని రెండుతో గుణిస్తే అసలు సమయానికి చాలా దగ్గరగా ఉంటుంది. మా ఇంట్లో మెట్ల దగ్గర రెండంతస్తుల ఎత్తు ఖాళీ ఉంది. ఇక జనవరి నుంచి జిమ్ కోసం ఎదురుచూడకుండా రాత్రి భోజనాలయ్యాక అక్కడే పరీక్షలు. మా అత్తగారు ఆ నెలల్లో మా దగ్గరే ఉన్నారు. సోఫాలో కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కే బాధ్యత తనే తీసుకున్నారు. "నేల తాకిందమ్మా, రాసుకో" అనేవారు. నాకన్నా ఆవిడ చేయే నిలకడ.

చలికాలం ఇంకో విషయం నేర్పింది. బాల్సా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. శరదృతువులో కనీస బరువుకు సరిగ్గా తూగేలా చేసిన మోడల్, ఫిబ్రవరిలో హీటర్ వేసిన పొడిగదిలో తూచితే కొన్ని మిల్లీగ్రాములు తగ్గింది. పోటీలో తూకం తగ్గితే గండమే. అందుకని ఆఖరి మోడల్‌ను కనీసానికి కాస్త పైన ఉంచి, జేబులో బంకమట్టి ముద్ద కూడా తీసుకెళ్ళారు. అవసరమైతే రోటర్ల మధ్య, ఇరుసు దగ్గర గింజంత పెట్టవచ్చు, అంచుల్లో పెడితే వణుకు పుడుతుంది.

పైకప్పు దూలాల బెడద తీర్చడానికి పిల్లలు చేసిన మార్పు నాకు ఎంతో నచ్చింది. స్వేచ్ఛగా తిరిగే రోటర్‌ను కిందికి, కర్రకు అతికిన రోటర్‌ను పైకి మార్చారు. దాంతో వెన్నెముక కర్రను పై రోటర్ దాటి కొంచెం పొడిగించే వీలు దొరికింది. పైకప్పుకు తగిలినా ఆ కర్ర కొసే తగులుతుంది, బ్లేడ్లు తగలవు. ఈ ఆలోచన ఆ అబ్బాయిది. నేను ఇంజనీరింగ్ చదివి కూడా దాన్ని ఊహించలేదు, గర్వంగానే చెబుతున్నాను.

ప్రాంతీయ పోటీ రోజున మోడల్‌ను, రబ్బరు ఉచ్చులను విడివిడిగా తూచారు. ఎగరేసిన లెక్కల పుస్తకం చూశారు. ఏ ఉచ్చు, ఎన్ని చుట్లు, చుట్టాక టార్క్ ఎంత, వదిలేటప్పుడు ఎంత, ఎంత ఎత్తు, ఎంతసేపు అన్నీ అందులో వరుసగా ఉన్నాయి. అక్కడి పైకప్పు మా బడి కన్నా ఎత్తు. ఎన్ని చుట్లు విప్పాలో పిల్లలు ఆ పుస్తకంలోనే వెతుక్కున్నారు. నేను గ్యాలరీలో, దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు. మొదటిసారి గాలి వచ్చే జాలీ వైపు జరిగి గోడకు రాసుకుంటూ దిగింది. రెండోసారికి మా అమ్మాయి పది అడుగులు ఇవతలికి వచ్చి నిలబడి వదిలింది. ఎక్కీ ఎక్కనట్టు ఎక్కింది. దూలాలకు చేయెత్తు దూరంలో ఆగింది. అక్కడే ఉండిపోయింది. రెండు రోటర్లూ ఒక్కొక్క బ్లేడు లెక్కపెట్టగలిగేంత మెల్లగా తిరుగుతున్నాయి. దిగేసరికి రెండు నిమిషాలు దాటింది. వాళ్ళకు రెండో స్థానం వచ్చింది.

రాష్ట్ర పోటీ కొలంబస్‌లోనే, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో. అక్కడ మా వాళ్ళది మధ్య స్థానం. ముందు నిలిచిన జట్ల మోడళ్ళు ఇంకా నెమ్మదిగా తిరిగాయి. వాటి బ్లేడ్లు వెడల్పు, రబ్బరు మా వాళ్ళు వాడినదాని కన్నా కొంచెం మందం. పోటీ ముగిశాక పిల్లలు వెళ్ళి అడిగితే, ఆ జట్ల పిల్లలు దాపరికం లేకుండా కోణాలు, రబ్బరు బరువు సెంటీమీటరుకు ఎంతో సహా చెప్పారు. మా అమ్మాయి వాటిని పుస్తకం చివరి పేజీలో రాసుకుంది. తిరిగొచ్చే దారిలో వెనక సీట్లో ఇద్దరూ వెడల్పు బ్లేడుకు వాలు ఎంత తగ్గించాలో వాదించుకుంటూనే ఉన్నారు. బడి సెలవులిచ్చిన వారానికే ఆ కొలతలతో కొత్త రోటర్ జత తయారైంది. ఇప్పుడు దానికి తగిన రబ్బరు మందం కోసం సగం ఉచ్చులతో మెట్ల దగ్గర పరీక్షలు సాగుతున్నాయి.